చల్లారాకే తెలిసే రుచి: వేర్‌హౌస్ స్టోర్ చాక్లెట్ చిప్ కుకీని పరీక్షించడం ఎలా?

ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన చాక్లెట్ చిప్ కుకీ ఏదైనా బాగానే అనిపిస్తుంది. వేడికి కొవ్వంతా కరిగి ఉంటుంది, చాక్లెట్ జారుతూ ఉంటుంది, నోట్లో పెట్టకముందే వాసన ముక్కుకు అందుతుంది. ఆ కాసేపట్లో వెన్నతో చేసినదానికీ పామాయిల్‌తో చేసినదానికీ తేడా పట్టుకోవడం అలవాటున్నవాళ్లకూ కష్టమే. కాబట్టి వేర్‌హౌస్ స్టోర్‌లో ‘ప్రీమియం’ పేరుతో అమ్మే కుకీ ఆ పేరుకు తగినదో కాదో తేలాలంటే ముందు దాన్ని చల్లగా తినాలి. చల్లగా అంటే ఫ్రిజ్‌లోంచి తీసి కాదు. 20 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న గదిలో రెండు గంటలు ఉంచాక.

ఈ తరహా దుకాణాలకు 1976లో అమెరికాలోని శాన్‌డియాగోలో సోల్ ప్రైస్ తెరిచిన ప్రైస్ క్లబ్ దారి వేసింది. సభ్యత్వం ఉండాలి, సరుకుల రకాలు తక్కువ, కొంటే పెద్ద మొత్తంలో కొనాలి. రకాలు తక్కువ కాబట్టి ఉన్న సరుకు త్వరగా కదులుతుంది, బేకరీ పెట్టెలు ఎక్కువ రోజులు బల్ల మీద మిగలవు. కుకీ విషయంలో ఇది పెద్ద లాభం. అయితే పెట్టెలో డజనో రెండు డజన్లో ఉంటాయి. దుకాణంలో తాజాగా ఉన్న సరుకు ఇంట్లో నాలుగైదు రోజులు పాతబడుతుంది. అందుకని ఒక్కరోజు రుచి చూసి తీర్పు చెప్పడం సరిపోదు. కొన్న రోజున ఒకసారి, మూడో రోజున మరోసారి చూడాలి.

ముందు లేబుల్ చదవండి

‘ప్రీమియం’ అనే మాటకు కొలత లేదు. వెన్నకూ చాక్లెట్‌కూ మాత్రం ఉంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ ప్రకారం వెన్నలో పాలకొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, నీరు 16 శాతం మించకూడదు. చాక్లెట్ అనిపించుకోవాలంటే మొత్తం కోకో పదార్థం కనీసం 35 శాతం, అందులో కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) కనీసం 18 శాతం ఉండాలి. కోకో బటర్ కాని ఇతర వృక్ష కొవ్వులు 5 శాతం దాటకూడదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఏం రాసినా, ఈ రెండు సరుకులూ లోపల ఉన్నాయో లేవో పదార్థాల జాబితాయే చెబుతుంది.

జాబితాలో పదార్థాలు బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ఉంటాయి. మంచి కుకీలో మొదటి నాలుగు పేర్లు మైదా, వెన్న, పంచదార, చాక్లెట్ అయి ఉండాలి, వాటి వరుస మారినా సరే. ‘వెన్నతో చేసినది’ అన్న మాటకూ ‘పూర్తిగా వెన్నతోనే చేసినది’ అన్న మాటకూ చాలా దూరం ఉంది. మొదటిదాంట్లో పామాయిల్ ముందుండి, వెన్న ఎక్కడో చివర కాస్త వాసన కోసం ఉండవచ్చు.

చాక్లెట్ పేరు పక్కన బ్రాకెట్లలో దాని సొంత పదార్థాలు విడిగా ఉంటాయి. అసలు విషయం అక్కడే బయటపడుతుంది. కోకో మాస్ (నూరిన కోకో గింజల ముద్ద) పేరు ముందు, పంచదార తర్వాత ఉంటే అది చేదు ఎక్కువున్న మంచి చాక్లెట్. పంచదార ముందుండి, తర్వాత కోకో మాస్, కోకో బటర్ వస్తే మామూలు సెమీ స్వీట్ రకం. ఇదీ తప్పేమీ కాదు. కోకో పొడి పక్కన పామ్ కెర్నల్ ఆయిల్ కనిపిస్తే మాత్రం అది చాక్లెట్ కాదు, చాక్లెట్ రుచి ఉన్న కొవ్వు ముద్ద. ఆ పెట్టెను ప్రీమియం అనడాన్ని ఒప్పుకోకూడదు.

గ్లిజరిన్, సార్బిటాల్, ఇన్‌వర్ట్ షుగర్ లాంటి పేర్లు కూడా గమనించండి. ఇవి తేమను పట్టి ఉంచి కుకీని వారాల తరబడి మెత్తగా ఉంచుతాయి. హానికరమైనవేమీ కావు. కానీ ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే ఆ కుకీని ఎక్కువ కాలం నిలవ ఉంచి అమ్మేందుకు తయారుచేశారన్నమాట. తాజా బేకరీ సరుకుకు అంత అవసరం రాదు.

పోషక విలువలు చదివేటప్పుడు ‘ఒక వడ్డన’ అంటే ఎన్ని గ్రాములో చూడండి. పెద్ద కుకీలో సగాన్నే ఒక వడ్డనగా లెక్కగట్టి ఉండవచ్చు. ఇలాంటి కుకీ ఏదైనా 100 గ్రాములకు సుమారు 450 నుంచి 500 కిలోక్యాలరీలు ఇస్తుంది. వెన్న మంచిదైనంత మాత్రాన ఆ లెక్క తగ్గదు.

కొవ్వును నాలుక పట్టేస్తుంది

వెన్న కొవ్వు 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది. నోటి వేడి అంతకన్నా కాస్త ఎక్కువే. అందుకే వెన్న కుకీ చల్లగా ఉన్నా నమిలేకొద్దీ కరిగి, మింగాక నోరు శుభ్రంగా ఉంటుంది. బేకరీల కోసం గట్టిపరిచిన పామ్ కొవ్వుల్లో కొంత భాగం 40 డిగ్రీల దగ్గరా గట్టిగానే ఉంటుంది. ఆ భాగం నోట్లో కరగదు, అంగుడికి మైనంలా అంటుకుంటుంది. వేడి కుకీలో ఈ లోపం కనిపించదు. చల్లగా తిన్నప్పుడు రెండో ముద్దకే తెలిసిపోతుంది.

దీన్ని పరీక్షించడం తేలిక. చిప్స్ లేని చోట చిన్న ముక్క తుంచి, నమలకుండా నాలుకకూ అంగుడికీ మధ్య అర నిమిషం అదిమి ఉంచండి. వెన్న కుకీ అయితే ముందు ఉప్పు, తీపి తెలుస్తాయి, తర్వాత పాల వాసన పైకి వస్తుంది. వెన్నను వేడిచేసినప్పుడు పుట్టే లాక్టోన్లు అనే పదార్థాల వాసన అది. పామ్ కొవ్వుతో చేసినదైతే తీపి ముందే వచ్చేసి, ఆ తర్వాత ఏమీ మిగలదు. ఒక్కో ముక్క మధ్య గోరువెచ్చని నీళ్లు తాగండి. చన్నీళ్లు తాగితే నాలుక మీది కొవ్వు పొర గట్టిపడిపోయి, తర్వాతి ముక్క రుచి సరిగా అందదు.

అయినా పామ్ కొవ్వును తయారీదారులు కేవలం చౌక అని వాడరు. అది ఎక్కువ వేడి వరకూ గట్టిగా నిలబడుతుంది కాబట్టి ఓవెన్‌లో కుకీ పల్చగా పాకిపోదు, ప్రతి కుకీ ఒకే కొలతకు వస్తుంది. వెన్న త్వరగా కరుగుతుంది కనుక పిండి చల్లగా లేకపోతే కుకీ అప్పడంలా పరుచుకుంటుంది. పూర్తిగా వెన్నతో చేసి, మధ్యలో మందంగా నిలబడిన కుకీ కనిపించిందంటే పిండిని బాగా చల్లబరిచి ఓవెన్‌లో పెట్టారని అర్థం. చాలా పెద్ద దుకాణాల్లో పిండి అక్కడికక్కడ కలపరు. ఫ్యాక్టరీలో కలిపి, ఉండలుగా కోసి, గడ్డకట్టించి పంపుతారు, దుకాణంలో కాలుస్తారు. ఇది తక్కువ పద్ధతి అని కొందరి అభిప్రాయం. కానీ గడ్డకట్టిన ఉండ మధ్యభాగం ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి అంచు కరకరలాడే సమయానికి మధ్యలో మెత్తదనం మిగులుతుంది. ఆ తేడానే మంచి కుకీలో మనం ఇష్టపడేది.

చాక్లెట్: ఎంత, ఎలాంటిది

పైకి కనిపించే చిప్స్ చూసి మోసపోవద్దు. కాల్చడానికి ముందు ఉండ పైన నాలుగు ముక్కలు అద్దితే కుకీ నిండా చాక్లెట్ ఉన్నట్టే కనిపిస్తుంది. సందేహం ఉంటే తూచండి. ఒక కుకీని బరువు చూసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పొడిపొడిగా తుంచి, చాక్లెట్ ముక్కలను ఏరి తూచాలి. పోల్చుకోవడానికి ఒక కొలమానం ఉంది. 1930లలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని విట్‌మన్‌లో టోల్ హౌస్ ఇన్ అనే భోజనశాల నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ ఈ కుకీని రూపొందించారు. ఆ పేరుతోనే నేటికీ చిప్స్ ప్యాకెట్ల మీద అచ్చవుతున్న కొలతల్లో సుమారు 280 గ్రాముల మైదా, 227 గ్రాముల వెన్న, రెండు రకాల పంచదార కలిపి 310 గ్రాములు, రెండు గుడ్లు, 340 గ్రాముల చాక్లెట్ ఉంటాయి. అంటే పిండి మొత్తం బరువులో చాక్లెట్ 27 శాతం. కాల్చేటప్పుడు కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి తయారైన కుకీలో ఆ వాటా 30 శాతానికి దగ్గరగా ఉంటుంది. ప్రీమియం అని చెప్పుకునే కుకీలో పావు వంతైనా చాక్లెట్ ఉండాలి. 15 శాతం దగ్గర ఆగిపోతే అది తీపి బిస్కెట్టే.

వేక్‌ఫీల్డ్ మొదట వాడినది చిప్స్ కాదు, ముక్కలుగా కొట్టిన చాక్లెట్ బార్. చిప్స్ తర్వాత వచ్చాయి. ఈ రెంటికీ తేడా రూపంలోనే కాదు. చిప్స్ ఓవెన్‌లో ఆకారం పోగొట్టుకోకూడదని వాటిలో కోకో బటర్ తగ్గిస్తారు, అందుకే కరిగినా చిక్కగా ఉంటాయి. బార్‌ను కొట్టిన ముక్కల్లో కోకో బటర్ సాధారణంగా ఎక్కువ, అవి పొరలు పొరలుగా పిండిలోకి పాకుతాయి. చల్లారాక కూడా నాలుక మీద త్వరగా కరుగుతాయి. ఎంచుకునే వీలుంటే ఎప్పుడూ ముక్కలదే మేలు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కుకీ లోపల వేడి 85 డిగ్రీల పైకి వెళుతుంది, చాక్లెట్ 34 డిగ్రీలకే కరుగుతుంది. మరి చిప్ ఎందుకు చదునైపోదు? చాక్లెట్ అంటే కోకో బటర్‌లో కిక్కిరిసి ఉన్న సన్నని పంచదార, కోకో రేణువులు. కొవ్వు కరిగినా ఆ రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడే ఉంటాయి. ఎవరూ కదపకపోతే ఆకారం అలాగే ఉంటుంది. వేలితో నొక్కగానే కూలిపోతుంది.

కరిగిన తర్వాత అది మళ్లీ మునుపటి చాక్లెట్ కాలేదు. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. దుకాణంలో అమ్మే బార్‌లో ఐదో రకం ఉంటుంది. మెరుపు, టక్కున విరగడం, 34 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరగడం దాని గుణాలే. ఆ రకం రావాలంటే చాక్లెట్‌ను కొలిచిన వేడి దగ్గర కలుపుతూ చల్లార్చాలి, దీన్నే టెంపరింగ్ అంటారు. కుకీ లోపల అలా కలిపేవాళ్లు ఎవరూ లేరు. అందుకే చాక్లెట్ కొన్ని గంటలపాటు సగం మెత్తగానే ఉండి, తర్వాత తక్కువ వేడికే కరిగే నాసి స్ఫటికాలుగా గట్టిపడుతుంది. పక్కనున్న వెన్న కూడా కొంత అందులోకి చేరి దాన్ని ఇంకా మెత్తబరుస్తుంది. కాబట్టి కుకీలోని చాక్లెట్ టక్కున విరగలేదని తక్కువ మార్కులు వేయకండి. నోట్లో ఎలా కరిగింది, మింగాక చేదు ఎంతసేపు నిలిచింది అన్నవే చూడాల్సిన విషయాలు.

కొన్ని రోజులకు చిప్స్ మీద బూడిదరంగు తెర కనిపించవచ్చు. చాలామంది బూజు అనుకుని పారేస్తారు. అస్థిరంగా ఉన్న స్ఫటికాలు మారుతూ కొవ్వు పైకి తేలడం వల్ల వచ్చే మచ్చ అది, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. వేలితో రుద్దితే కరిగి మాయమవుతుంది. రుద్దినా పోకుండా గరగరలాడితే అది పంచదార తెర. చాక్లెట్ మీద నీటి చెమ్మ పట్టి ఆరినప్పుడు వస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే మూత తెరవడమే సాధారణంగా దానికి కారణం. నూగునూగుగా లేచి, ముక్కిన వాసన వస్తే మాత్రం అది నిజంగా బూజే. అప్పుడు పారేయాలి.

రంగు, అంచు, అడుగు

పెట్టెలోంచి ఒక్కటే తీసి చూడకండి. పెద్ద ఓవెన్లలో ట్రే మూలన ఉన్నవి ముదురుగా, మధ్యలో ఉన్నవి లేతగా కాలతాయి. ముదురుదొకటి, లేతదొకటి ఎంచుకుని అడుగు తిప్పండి. అడుగు తేనె రంగులో, అంచు కొంచెం ముదురుగా ఉంటే సరిగా కాలింది. పైన లేతగా ఉండి అడుగు నల్లబడితే కింది వేడి ఎక్కువైంది. ఆ కుకీలో తగిలే చేదు చాక్లెట్‌ది కాదు. అంతటా పాలిపోయి ఉంటే మధ్యలో పచ్చి మైదా రుచి తగులుతుంది, దాన్ని ‘మెత్తదనం’ అని పొరబడటం సహజం.

ఆ గోధుమ రంగు పంచదార మాడటం వల్ల మాత్రమే రాదు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించిన చర్య అందులో ముఖ్యం. ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు కొన్ని రకాల చక్కెరలతో కలిసి రంగునూ, వందలాది వాసనలనూ పుట్టిస్తాయి. పిండిలో క్షారగుణం ఉంటే ఈ చర్య వేగం పుంజుకుంటుంది. బేకింగ్ సోడా వేసేది పొంగడానికి మాత్రమే కాదు, రంగు కోసం కూడా. 280 గ్రాముల మైదాకు ఒక టీస్పూన్, అంటే 5 గ్రాములు చాలు. మోతాదు మించితే రంగు అందంగానే వస్తుంది కానీ నాలుక మీద సబ్బు రుచి తగులుతుంది. ముదురు రంగు చూసి కొని, మొదటి ముద్దలోనే ఏదో లోహపు రుచి అనిపిస్తే కారణం ఇదే.

పిండిని ఒకటి నుంచి మూడు రోజులు చల్లగా ఉంచి కాల్చితే మైదా నీటిని పూర్తిగా పీల్చుకుంటుంది, రంగు సమంగా వస్తుంది, రుచి లోతు పెరుగుతుంది.

మూడో రోజు పరీక్ష

కొన్న రోజున అంచు కరకరలాడుతూ, మధ్య సాగుతూ ఉంటుంది. అంచులో నీరు బాగా తక్కువ. అక్కడ పంచదార గాజులా గట్టిపడి ఉంటుంది. మధ్యలో మిగిలిన నీరు ఆ పంచదారను మెత్తటి పాకంగా ఉంచుతుంది. గాలి చొరబడని పెట్టెలో మధ్యలోని తేమ మెల్లగా అంచువైపు నడుస్తుంది. మూడో రోజుకు అంచు మెత్తబడి, మధ్య బిగుసుకుని, కుకీ అంతా ఒకే తీరుగా తయారవుతుంది. ఇది ఏ కుకీకైనా తప్పదు. చూడాల్సిందల్లా ఆ తర్వాత ఏం మిగిలింది అన్నదే. బ్రౌన్ షుగర్ ఎక్కువ వాడిన కుకీలో మొలాసిస్ (చెరకు మడ్డి), అందులోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పంచదారను తిరిగి పలుకు కట్టనివ్వవు. అది మూడో రోజునా వంచితే వంగి తర్వాత విరుగుతుంది. తెల్ల పంచదారతోనే చేసినది అప్పటికే ఇసుకలా రాలడం మొదలుపెడుతుంది. వెన్న వాసన ఇంకా నిలిచి ఉందా, పాత నూనె వాసన వస్తోందా అన్నది రెండో గుర్తు. మూడో రోజున చల్లగా తిన్నా మళ్లీ ఒకటి తీసుకోవాలనిపిస్తే ఆ పెట్టె ధరకు తగినదే.

బిగుసుకున్న కుకీలను మెత్తబరచడానికి డబ్బాలో ఒక బ్రెడ్ ముక్క పెట్టే పద్ధతి పనిచేస్తుంది. బ్రెడ్‌లోని తేమ కుకీలోకి చేరుతుంది. రాత్రి పెట్టి పొద్దున తీసేయాలి, వదిలేస్తే బ్రెడ్ బూజు పట్టి డబ్బా అంతా పాడవుతుంది.

వేడిచేయడం, దాచడం

చల్లటి పరీక్ష అయ్యాక వేడి చేసుకోవడంలో తప్పేమీ లేదు. మందపాటి పెద్ద కుకీకి 150 డిగ్రీల ఓవెన్‌లో 4 నుంచి 6 నిమిషాలు చాలు. బయటికి తీసి మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలి, అప్పుడే అంచులోని పంచదార మళ్లీ గట్టిపడి కరకర తిరిగి వస్తుంది. ఎయిర్ ఫ్రయర్ అయితే అదే వేడిలో మూడు నిమిషాలు. ఫ్యాన్ గాలి త్వరగా ఆరబెడుతుంది కాబట్టి అంతకు మించకూడదు. మైక్రోవేవ్‌లో 10 సెకన్లు సరిపోతాయి. అంచు కరకర రాదు, లోపలి చాక్లెట్ మాత్రం నోరు కాలేంత వేడెక్కుతుంది. 30 సెకన్లు పెడితే నీరంతా ఆవిరైపోయి, చల్లారగానే కుకీ మునుపటికన్నా గట్టిగా రాయిలా తయారవుతుంది. అలా చేసినదాన్ని వెంటనే తినేయడం తప్ప మార్గం లేదు.

మూడు రోజుల్లో పూర్తికాని కుకీలను కొన్న రోజే ఫ్రీజర్‌లో పెట్టండి. పాతబడ్డాక పెడితే ఆ పాతదనమే దాచుకున్నట్టవుతుంది. రెండేసి చొప్పున పల్చటి ప్లాస్టిక్ పొరతో బిగించి చుట్టి, వాటిని గాలి తీసేసిన జిప్ సంచిలో వేస్తే మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు నెలలు రుచి నిలుస్తుంది. దుకాణం ఇచ్చిన పల్చటి ప్లాస్టిక్ పెట్టెలోనే పెడితే లోపలి గాలిలోని తేమ మంచుగా పేరుకుంటుంది, ఫ్రీజర్‌లోని ఇతర వాసనలు వెన్నకు పట్టేస్తాయి. బయటికి తీశాక సంచి తెరవకుండా గంటన్నర గది వేడిలో ఉంచండి, చెమ్మ సంచి పైనే పడుతుంది. ఆగే ఓపిక లేకపోతే గడ్డకట్టిన కుకీనే 160 డిగ్రీల ఓవెన్‌లో 8 నుంచి 10 నిమిషాలు పెట్టవచ్చు. అప్పుడు అంచు ముందు వేడెక్కి మధ్యభాగం ఆలస్యంగా మెత్తబడుతుంది, కొన్న రోజు ఉన్న ఆ తేడా చాలావరకు తిరిగి వస్తుంది.